అనిమే ఆధారిత పోరాట వీడియో గేముల విదేశీ విడుదలలు

అనిమే అనగా జపాను దేశంలో తయారయ్యే యానిమేషన్ ధారావాహికలు, చలనచిత్రాలు. వీటిలో అధికభాగం మాంగా అని పిలువబడే జపనీయ బొమ్మల కథల నుండి పుట్టినవి. ఆ కథలలోని పాత్రలను ఎదురెదురుగా నిలిపి, ఆటగాళ్ళు ఒకరితో ఒకరు తలపడేలా రూపొందించిన వీడియో గేములను అనిమే ఆధారిత పోరాట గేములు అంటారు. 1990ల నుండి జపానులో ఇవి విరివిగా వెలువడినవి. అయితే ఇవి అమెరికా, ఐరోపాలకు చేరిన తీరు అక్కడి అభిమానులను చాలాకాలం నిరాశపరచినది. కొన్ని ఆలస్యంగా వచ్చినవి, కొన్ని మార్పులతో వచ్చినవి, కొన్ని అసలు రానేలేదు. ఈ నిరాశను పిల్లల పేచీ అని తీసివేయుట సులభమే కాని, అభిమానుల ఫిర్యాదులలో చాలావాటికి స్పష్టమైన వ్యాపార, న్యాయ కారణాలు కనిపిస్తాయి. వాటిని తెలిపే ప్రయత్నమే ఈ వ్యాసం.

తొలినాటి విడుదలలు

అకిరా తోరియామా సృష్టించిన డ్రాగన్ బాల్ కథ ఆధారంగా 1986లో జపానులో వెలువడిన ఒక గేము 1988లో అమెరికాకు "డ్రాగన్ పవర్" అను పేరుతో చేరినది. ఇది పూర్తిగా పోరాట గేము కాకపోయినా, తరువాత జరుగబోయేదానికి మంచి ఉదాహరణ. కథానాయకుని రూపం మార్చబడినది. బుల్మా అను పాత్ర పేరు నోరాగా మారినది. ముసలి గురువు లోదుస్తులు కోరే కొంటె సన్నివేశంలో ఆయన చేత శాండ్‌విచ్ అడిగించారు. (బొమ్మ తెల్లగా, త్రికోణంగా ఉండుట వలన ఈ మార్పు పెద్ద శ్రమ లేకుండానే కుదిరినదని చెప్పవచ్చును.)

ఫ్రాన్సులో పరిస్థితి వేరు. అక్కడ డ్రాగన్ బాల్ 1988 నుండి టెలివిజనులో ప్రసారమగుచుండుటచే, 1993 నాటి "సూపర్ బుటోడెన్" పోరాట గేము ఫ్రాన్సు, స్పెయిను దేశాలలో విడుదలైనది, అమెరికాలో కాలేదు. అమెరికాకు అసలు పేరుతో చేరిన మొదటి డ్రాగన్ బాల్ గేము 1997లో వచ్చిన "డ్రాగన్ బాల్ జీటీ: ఫైనల్ బౌట్". అప్పటికి అక్కడ ఈ కథకు అంత ప్రాచుర్యం లేకపోవుటచే ప్రతులు తక్కువగానే వేశారు. 1998లో కార్టూన్ నెట్‌వర్క్ ప్రసారంతో అభిమానులు పెరిగేసరికి గేము దొరకలేదు. పాత ప్రతులు ఎక్కువ ధరలకు చేతులు మారినవి. చివరకు 2004లో అటారి సంస్థ దానిని మరల విడుదల చేసినది. అంత వెతికి సంపాదించిన గేము కదలికలు మందకొడిగా ఉండుట మరొక నిరాశ.

నరూటో గేముల ఆలస్యం

ఈ విషయంలో అందరూ చెప్పుకొనే ఉదాహరణ నరూటో. మసాషి కిషిమోటో మాంగా ఆధారంగా ఎయిటింగ్ సంస్థ తయారుచేసిన "గెకితో నింజా తైసెన్" గేమును టోమీ సంస్థ 2003 ఏప్రిల్‌లో జపానులో నింటెండో గేమ్‌క్యూబ్ కొరకు విడుదల చేసినది. రెండవ భాగం అదే సంవత్సరం డిసెంబరులోను, మూడవది 2004 నవంబరులోను, నాలుగవది 2005 నవంబరులోను వెలువడినవి. ఒక్కొక్క భాగంలో పాత్రల సంఖ్య పెరుగుతూ పోయినది. మొదటి భాగంలో సుమారు పది పాత్రలు మాత్రమే ఉండేవి.

అమెరికాలో నరూటో ఆంగ్ల ప్రసారం 2005 సెప్టెంబరులో గాని ప్రారంభం కాలేదు. కాబట్టి అక్కడ మొదటి భాగం "క్లాష్ ఆఫ్ నింజా" అను పేరుతో 2006 మార్చిలో వచ్చినది. అనగా జపానులో నాలుగవ భాగం అంగడికి వచ్చిన నాలుగు నెలలకు అమెరికన్లకు మొదటి భాగం అందినది. రెండవది 2006 సెప్టెంబరులో వచ్చినది. మూడు, నాలుగు భాగాలు రానే లేదు.

దీనికి ముఖ్యకారణం కథాక్రమం. టెలివిజనులో ఇంకా కనిపించని పాత్రలు గేములో కనిపిస్తే కథ ముందే బయటపడుతుంది. కొత్త ప్రేక్షకునికి ఆ పాత్రలెవరో కూడా తెలియదు. గేమును అమ్మిపెట్టేది టెలివిజను ప్రసారమే కనుక ప్రచురణకర్తలు దానికి తగినట్లు నడిచారు. కాని అభిమానులు ఇంటర్నెట్ ద్వారా జపాను ప్రసారాలను అనుసరిస్తూ ఎంతో ముందుకు వెళ్ళిపోయారు. కొత్త ప్రేక్షకుని కొరకు వేసిన లెక్క పాత అభిమానికి అన్యాయమైనది. ఇద్దరినీ ఒకేసారి తృప్తిపరచుట ఆ రోజులలో కష్టమే.

ఈ ఎడం తరువాత కూడా తగ్గలేదు. 2007 ఫిబ్రవరిలో జపానులో "నరూటో షిప్పూడెన్" అను రెండవ దశ కథ ప్రారంభమై, అదే నెలలో దానిపై ఆధారపడిన గేము నింటెండో వీ యంత్రానికి వచ్చినది. అమెరికాకు అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన "క్లాష్ ఆఫ్ నింజా రెవల్యూషన్"లో మాత్రం మొదటి దశ పాత్రలే ఉన్నారు. 2008లో వచ్చిన దాని రెండవ భాగం కొరకు మాంగాలో లేని కొత్త పాత్రలను కూడా కల్పించవలసి వచ్చినది. షిప్పూడెన్ ఆంగ్ల ప్రసారం 2009లో మొదలైనది.

ప్లేస్టేషన్ 2 కొరకు సైబర్‌కనెక్ట్2 సంస్థ తయారుచేసిన మరొక నరూటో వరుసకూ ఇటువంటి గతియే పట్టినది. "అల్టిమేట్ నింజా 5" 2009లో ఐరోపాకు వచ్చినది గాని అమెరికాకు రాలేదు.

ప్రాంతీయ తాళం

జపాను ప్రతిని తెప్పించుకొని ఆడుకొనవచ్చును గదా అని పాఠకులకు సందేహం కలుగవచ్చును. గేమ్‌క్యూబ్, ప్లేస్టేషన్ 2, వీ యంత్రాలు తమ ప్రాంతానికి చెందిన డిస్కులను మాత్రమే అంగీకరించేవి. ఈ అడ్డంకిని దాటుటకు "ఫ్రీలోడర్" వంటి డిస్కులను కొందరు కొనేవారు. చేతిలో పట్టుకొని ఆడే నింటెండో డీఎస్, పీఎస్‌పీ గేములకు మాత్రం ఈ తాళం లేదు. అందుచేత విదేశాలకు రాని "బ్లీచ్: హీట్ ద సోల్" వరుసను పీఎస్‌పీపై పలువురు దిగుమతి చేసుకొని, జపనీయ లిపి చదవలేకపోయినా, ఆడుకొన్నారు.

పేర్లు, గొంతులు, సంగీతం

డ్రాగన్ బాల్ కథలోని యుద్ధవిద్యల పోటీ పేరు "తెంకాయిచి బుడోకాయి". తెంకాయిచి అనగా లోకంలో ప్రథముడు, బుడోకాయి అనగా యుద్ధవిద్యల సభ. డింప్స్ సంస్థ చేసిన గేముల వరుసకు విదేశాలలో "బుడోకాయి" అని పేరు పెట్టారు. తరువాత స్పైక్ సంస్థ చేసిన, జపానులో "స్పార్కింగ్!" అని పిలువబడే వేరొక వరుసకు "బుడోకాయి తెంకాయిచి" అని మాటలను తారుమారు చేసి తగిలించారు. అర్థం చెడినది. పైగా రెండు వేర్వేరు వరుసలు ఒకే కుటుంబమని భ్రమ కలిగినది.

"బుడోకాయి 3" అమెరికాలో 2004లో మొదట ఆంగ్ల గొంతులతో మాత్రమే వచ్చినది. తక్కువ ధరకు తరువాత వచ్చిన పునర్ముద్రణలో జపనీయ గొంతులను కూడా చేర్చారు. ముందుగా పూర్తి ధర చెల్లించినవారికే తక్కువ సరుకు దక్కినదన్నమాట! 2012లో ఈ వరుసను కొత్త యంత్రాలకు మార్చి వెలువరించిన సంకలనంలో మొదటి, మూడవ భాగాలే ఉన్నవి, రెండవది లేదు. పాత సంగీతం కూడా లేదు. సంగీతకర్త కెంజి యమమోటో కూర్పులలో కొన్ని ఇతరుల హక్కులకు భంగకరంగా ఉన్నవని 2011లో టోయీ యానిమేషన్ ప్రకటించిన తరువాత ఆయన సంగీతాన్ని తొలగించుట దీనికి కారణం. బాల్యంలో విన్న బాణీల కొరకే దానిని కొన్నవారు ఉన్నారు.

హిరోహికో అరాకి వ్రాసిన "జోజో" కథలలో పాత్రల శక్తులకు పాశ్చాత్య సంగీత బృందాల, పాటల పేర్లు ఉంటాయి. 2013లో జపానులో వచ్చిన "ఆల్ స్టార్ బ్యాటిల్" 2014లో విదేశాలకు వచ్చునప్పుడు, న్యాయపరమైన చిక్కులను తప్పించుటకు "కిల్లర్ క్వీన్" కాస్తా "డెడ్లీ క్వీన్"గా మారినది. గొంతు మాత్రం జపనీయమే కనుక చెవికి ఒక పేరు, కంటికి మరొక పేరు తగిలేవి.

అసలు రాని గేములు

షోనెన్ జంప్ పత్రికలోని పలు మాంగాల పాత్రలను ఒకచోట చేర్చిన "జంప్ సూపర్ స్టార్స్" (2005), "జంప్ అల్టిమేట్ స్టార్స్" (2006) జపాను దాటలేదు. రెండవదానిలో 41 మాంగాల పాత్రలు ఉన్నవి. ఒక్కొక్క కథకు విదేశీ హక్కులు ఒక్కొక్క సంస్థ చేతిలో ఉండగా అందరి అనుమతి కూడగట్టుట దుస్సాధ్యం. అభిమానులే పూనుకొని ఆంగ్ల అనువాదాలు సిద్ధం చేసుకొన్నారు.

తరువాతి కాలం

2018 జనవరిలో "డ్రాగన్ బాల్ ఫైటర్‌జెడ్" విదేశాలలో జపాను కంటే కొద్దిరోజులు ముందే విడుదలైనది. 2024 అక్టోబరులో స్పైక్ చున్‌సాఫ్ట్ చేసిన గేము విదేశాలలో కూడా "స్పార్కింగ్! జీరో" అను జపనీయ పేరుతోనే వచ్చినది. ఆలస్యం దాదాపు తొలగినది గాని హక్కుల చిక్కు మరొక రూపంలో మిగిలినది. పలు జంప్ కథలను కలిపి 2019లో ప్రపంచమంతటా విడుదల చేసిన "జంప్ ఫోర్స్" డిజిటల్ అమ్మకం 2022 ఫిబ్రవరిలో ఆగిపోయినది. దాని ఆన్‌లైన్ సర్వర్లు అదే సంవత్సరం ఆగస్టులో మూతపడినవి.

అమెరికాకు ఎన్నడూ రాని నాలుగవ "గెకితో నింజా తైసెన్" మాత్రం అభిమానుల చేతుల మీదుగా ఆంగ్లంలోకి మారి, కంప్యూటర్లపై నేటికీ ఆడబడుచున్నది.