డి విటమిన్, క్షయ వ్యాధి, మన పాలు

గత వేసవిలో ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం తనిఖీకి వెళ్ళాను. సభ్యుల పాసు పుస్తకాలను సేకరణ రిజిస్టరుతో సరిచూస్తుండగా, ఏనాడూ పూట తప్పకుండా పాలు పోసే ఒక పాత సభ్యుని ఖాతాలో రెండు నెలలుగా పాలు సగానికి సగం తగ్గినట్లు కనిపించింది. గేదె వట్టిపోయిందేమోననుకుని కార్యదర్శిని అడిగాను. "గేదె బాగానే ఇస్తున్నదండీ. పెద్దకొడుక్కి టి.బి. అని తేలింది. పాలు ఇంటికే ఉంచుకుంటున్నారు" అన్నాడు.

సాయంత్రం పూట పాలు తెచ్చిన ఆ పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "రక్తపరీక్షలో డి విటమిన్ బాగా తక్కువగా ఉందన్నారు ఇన్‌స్పెక్టరు గారూ. అది లేకనే ఈ జబ్బు వచ్చిందని మా ఊళ్ళో సూదులు వేసే ఆయన చెప్పాడు. రెండు ఇంజెక్షన్లు వేయించాను. ఎండలో కూర్చోబెడుతున్నాను. పూటకు లీటరు పాలు తాగిస్తున్నాను. ఆస్పత్రి మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందంటాడు, మూత్రం ఎర్రగా వస్తోందని భయపడ్డాడు. అందుకని మూడు వారాలుగా అవి ఆపేశాం" అన్నాడు.

నేను వైద్యుణ్ణి కాను. సహకార డిప్లొమా చదివి, ఇన్నేళ్ళుగా సంఘాల లెక్కలు చూస్తున్నవాణ్ణి. అయితే ఆ మాట విన్న తర్వాత ఊరుకోలేక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారిని కలిసి అడిగాను, దొరికినంతవరకు చదివాను. తెలుసుకున్నది సభ్యులందరికీ పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను. ప్రపంచంలోని క్షయ రోగులలో ఇంచుమించు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కనుక ఇది ఏ సంఘానికీ దూరపు విషయం కాదు.

డి విటమిన్ చేసే పని

క్షయ వ్యాధి క్రిమి వలన వస్తుంది. ఈ సంగతిని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. డి విటమిన్ లేకపోవడం వలన క్షయ పుట్టదు. క్రిమి ఒంట్లో చేరితేనే పుడుతుంది. అయితే క్రిమి చేరినవారందరికీ జబ్బు రాదు. చాలామందిలో అది జీవితాంతం అణగి ఉంటుంది. ఒంట్లో శక్తి తగ్గినప్పుడు తల ఎత్తుతుంది.

డి విటమిన్ ప్రధానంగా ఎండ తగిలినప్పుడు మన చర్మంలోనే తయారవుతుంది. ఎముకలకు సున్నం పట్టడానికి ఇది అవసరమని మొదటినుండి తెలుసు. క్రిములను మింగి చంపే రక్షక కణాలకు కూడా ఇది కావాలని తర్వాత తెలిసింది. క్షయ క్రిమిని చంపే ఒక పదార్థాన్ని ఆ కణాలు డి విటమిన్ సాయంతో తయారు చేసుకుంటాయని 2006లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. దీనితో, ఈ విటమిన్ ఇస్తే క్షయ త్వరగా తగ్గుతుందేమోనన్న ఆశ కలిగింది.

రోగులలో ఎందుకు తక్కువ?

రక్తంలో డి విటమిన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటె తక్కువ ఉంటే లోటు అని సాధారణంగా లెక్కిస్తారు. క్షయ రోగులలో ఇది ఆరోగ్యవంతులలో కంటె తక్కువగా ఉంటున్నదని అనేక దేశాల పరిశీలనలలో తేలింది. పెద్దాయన చెప్పిన మాటలో ఈ భాగం నిజమే.

అయితే దీనికి కారణాలు ఒకటి కాదు. లోటు ఉన్నవారికి జబ్బు త్వరగా రావచ్చు. జబ్బు వచ్చినవాడు నెలల తరబడి ఇంటిపట్టునే పడి ఉండి, తిండి సయించక, ఎండ ముఖం చూడక పోవడం వలన కూడా లోటు రావచ్చు. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందు ఒంట్లోని డి విటమిన్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. పైగా మన ప్రాంతంలో ఆరోగ్యవంతులలో సైతం ఈ లోటు చాలామందికి ఉంది. పల్లెల్లో ఎండలో పనిచేసేవారు పట్నవాసులకంటె కొంత మెరుగే అయినా, అక్కడ కూడా లోటు ఉన్నదనీ, ఆడవారిలో మరీ ఎక్కువనీ తిరుపతి ప్రాంతంలో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. వారందరికీ క్షయ రాలేదు గదా!

మన భాషలో చెప్పాలంటే ఇది లాక్టోమీటరు రీడింగు వంటిది. రీడింగు పడిపోయిందంటే ఎక్కడో తేడా ఉన్నదని తెలుస్తుంది. అంతమాత్రాన పాలలో పంచదార కలిపి రీడింగు పెంచితే పాలు మంచివి కావు. తేడా ఎక్కడుందో వెతికి అక్కడ సరిచేయాలి.

ఇచ్చి చూస్తే తేలినదేమిటి?

ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు ఊహకు వదలలేదు. క్షయ మందులు వాడుతున్న రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మందులతోపాటు డి విటమిన్ కూడా ఇచ్చి, రెండవ భాగానికి అదే విధంగా కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. లండన్‌లో ఇలా చేసిన పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. మన దేశంలో 247 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితం 2015లో వెలువడింది. రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు ఇందులో పాల్గొన్నారు. ఒక్కొక్క మోతాదు లక్ష యూనిట్ల చొప్పున నాలుగు మోతాదులు ఇచ్చారు. కళ్ళెలో క్రిములు పోవడానికి రెండు భాగాలవారికీ దాదాపు ఆరు వారాలే పట్టింది. విటమిన్ వలన తేడా కనబడలేదు.

2019లో ఇటువంటి 8 పరీక్షలలోని 1,850 మంది వివరాలను కలిపి చూశారు. మొత్తం మీద తేడా లేదు. మామూలు మందులకు లొంగని మొండి క్షయ ఉన్న కొద్దిమందిలో మాత్రం క్రిములు త్వరగా పోయినట్లు కనబడింది. మంగోలియాలో 8,851 మంది బడి పిల్లలకు మూడు సంవత్సరాలు వారం వారం విటమిన్ ఇచ్చి చూడగా, క్షయ క్రిమి సోకడం కూడా తగ్గలేదని 2020లో తేలింది.

కనుక లోటు ఉంటే డాక్టరు సలహాపై విటమిన్ వేసుకోవడంలో తప్పు లేదు. ఎముకలకు అది మంచిదే. కాని అది క్షయకు మందు కాదు. ఇష్టమొచ్చినట్లు పెద్ద మోతాదు ఇంజెక్షన్లు వేయించుకోవడం ప్రమాదం కూడా. రక్తంలో సున్నం శాతం పెరిగి వాంతులు, మూత్రపిండాలకు చేటు కలుగవచ్చు. క్షయ రోగులకు ఈ ముప్పు మరింత ఎక్కువ.

ఎండ, మంచి గాలి

ఎండలో కూర్చోబెట్టడం పాత వైద్యమే. చర్మానికి వచ్చే క్షయను కాంతితో నయం చేసినందుకు డెన్మార్కు వైద్యుడు ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. అది చర్మ క్షయ మాట, ఊపిరితిత్తుల క్షయ మాట కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో ప్రారంభమయింది. ఆ రోజుల్లో మందు లేదు. అందుచేత విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన తిండి ఇవే వైద్యం.

మందులు వచ్చాక పరిస్థితి మారింది. 1956లో మద్రాసులో ఒక గొప్ప పరీక్ష మొదలైంది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి మంచి తిండి పెట్టి మందులిచ్చారు. మరికొందరికి వారి ఇరుకు ఇళ్ళలోనే, వారి పేద తిండితోనే అవే మందులిచ్చారు. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇంటి దగ్గర మందు మింగినవారు కూడా శానిటోరియంలో ఉన్నవారితో ఇంచుమించు సమానంగా బాగుపడ్డారు. క్షయను నయం చేసేది క్రమం తప్పని మందు అని ప్రపంచానికి చాటినది ఈ పరీక్షే.

ఇప్పుడు మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, ప్రతిరోజూ. ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితం. రిఫాంపిసిన్ వలన మూత్రం ఎర్రగా రావడం సహజం, భయపడనక్కరలేదు. కడుపులో తిప్పితే డాక్టరుకు చెప్పాలి. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే చూపించుకోవాలి. తమంతట తాము ఆపేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా తయారవుతాయి. అప్పుడు వైద్యం మరీ కష్టం. అంతేకాక ఇంట్లోవారికి అంటించే ప్రమాదం కూడా ఉంది.

మరి పాల సంగతి?

మనం పాల సంఘం వాళ్ళం గనుక పాల గొప్ప చెప్పుకోవడం సహజం. అయితే లెక్క లెక్కగానే చెప్పాలి. గేదె పాలలోగాని, ఆవు పాలలోగాని సహజంగా ఉండే డి విటమిన్ చాలా స్వల్పం. ప్యాకెట్ పాలలో కొన్నింటికి ఈ విటమిన్ కలుపుతున్నారు. అటువంటి ప్యాకెట్‌పై ఎఫ్ అక్షరమూ కూడిక గుర్తూ ఉంటాయి. వాటిలో లీటరుకు 200 నుండి 300 యూనిట్లు ఉండాలని నిబంధన. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు కావాలి. అంటే కలిపిన పాలైనా రెండు, మూడు లీటర్లు తాగితే గాని ఒక రోజు అవసరం తీరదు. గ్లాసుడు పాలలో వచ్చేది 40 నుండి 60 యూనిట్లే. ఇంటి గేదె పాలతో ఈ లోటు తీరదు.

అంతమాత్రాన రోగికి పాలు వద్దని కాదు. పాలలోని మాంసకృత్తులు, కొవ్వు, సున్నం చిక్కిపోయిన శరీరానికి ఎంతో అవసరం. జార్ఖండ్‌లో 2,800 మంది రోగుల కుటుంబాలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. మందులు వాడుతున్న రోగులందరికీ నెలనెలా బియ్యం, శనగపిండి, నూనెతో పాటు పాలపొడి కూడా ఇచ్చారు. కుటుంబాలను రెండు భాగాలు చేసి, ఒక భాగంలో రోగి ఇంట్లోవారికి కూడా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం, ఇంట్లోవారికి ఇవ్వని ఇళ్ళకంటె 39 శాతం తగ్గింది. ఒక్క విటమిన్ చేయలేని మేలు కడుపునిండా తిండి చేసింది. అయితే రోగులంతా మందులు మింగుతూనే ఆ తిండి తిన్నారని మరువరాదు.

పాలు కాచి తాగాలి. పశువులకు వచ్చే క్షయ పచ్చిపాల ద్వారా మనిషికి సోకగలదు.

సంఘాలు చేయదగిన పనులు

1. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్న సభ్యులను కళ్ళె పరీక్షకు పంపాలి. ఆశా కార్యకర్తకు తెలియజేస్తే ఏర్పాటు చేస్తుంది.

2. రోగి ఉన్న ఇంట్లో మిగిలినవారందరికీ, ముఖ్యంగా పిల్లలకు, పరీక్ష చేయించాలి.

3. రోగి తిండికై ప్రభుత్వం నెలకు ఇచ్చే సహాయం 2018లో 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలయింది. ఇది బ్యాంకు ఖాతాకే వస్తుంది. పాల బిల్లు పడే ఖాతా అందరికీ ఉన్నది గనుక ఆ వివరాలు ఇప్పించడంలో కార్యదర్శి సాయపడవచ్చు.

4. పాలు క్షయను నయం చేస్తాయని సంఘం తరపున ఎవరూ ప్రచారం చేయరాదు. జబ్బుపడినవారి ఇంటి పాలు తగ్గితే వారిని నిలదీయవద్దు.

ఆ పెద్దాయన మరునాడే కొడుకును ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాడు. డాక్టరు గారు మళ్ళీ కళ్ళె పరీక్ష చేయించి, మందులు తిరిగి మొదలుపెట్టించారు. ఈ సంక్రాంతి తర్వాత ఆ కుర్రవాడి వైద్యం పూర్తయిందని కార్యదర్శి కబురు చేశాడు. ఇప్పుడు పూటకు లీటరు బదులు రెండు గ్లాసులు తాగి, మిగిలిన పాలు తానే కేంద్రానికి తెచ్చి పోస్తున్నాడట.

— ఒక సహకార ఇన్‌స్పెక్టరు