బెయిల్ వచ్చినా బయటికి రాలేనివారు: పొరుగు రాష్ట్రంలో జామీను చిక్కు

సంఘం ఆఫీసుకు కుల ధ్రువపత్రాల కోసం, పిల్లల తెలుగు మీడియం సీట్ల కోసం వచ్చేవారే ఎక్కువ. అప్పుడప్పుడు మాత్రం, "మావాడికి బెయిల్ ఇచ్చారండీ, ఈ ఊరివాళ్ల జామీను కావాలంటున్నారు" అంటూ ఎవరో ఒకరు వస్తారు. శ్రీకాకుళం నుంచి కూలికి వచ్చిన కుర్రాడికి ఇక్కడ పూచీ పడే ఆస్తిపరుడు ఎక్కడ దొరుకుతాడు?

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురికి నేరం ఇంకా రుజువు కాలేదు.

డబ్బు, ఆస్తి చూపించకపోతే మనిషి పారిపోతాడన్నది పాత నమ్మకం. 1961లో న్యూయార్క్‌లో దీన్ని పరీక్షించి చూశారు. అరెస్టయినవారి ఉద్యోగం, కుటుంబం, ఎన్నాళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్నారు అన్నవి విచారించి, తగినవారిని సొంత పూచీకత్తు మీదే వదిలారు. అలా వెళ్లినవారిలో దాదాపు అందరూ వాయిదాలకు తిరిగి వచ్చారు. మనిషిని కట్టిపడేసేది ఆస్తి కాదు, బంధాలని తేలింది.

మన సుప్రీంకోర్టు 1978లోనే మోతీరామ్ కేసులో ఈ సంగతి చెప్పింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఆ తాపీమేస్త్రికి పదివేల జామీను అడిగారు. సోదరుడు పూచీ ఇస్తానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. 2023 జనవరి 31న కూడా సుప్రీంకోర్టు, స్థానిక జామీను పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమనీ, అలాంటి చోట ఆ షరతు పెట్టవద్దనీ సూచించింది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడోవంతు జైల్లో గడిపితే విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. కోర్టుకు దరఖాస్తు పెట్టే బాధ్యత జైలు సూపరింటెండెంటుదే.

కాబట్టి మనవాళ్లెవరైనా ఇలా చిక్కుకుంటే దళారుల చుట్టూ తిరగకండి. జైల్లో ఉన్న ప్రతివారికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. బెయిల్ ఉత్తర్వు నకలు, ఊళ్లో కుటుంబం, పని వివరాలు దగ్గర ఉంచుకోండి. స్థానిక భాష రాకపోతే సంఘానికి రండి, అర్జీ రాసిపెడతాం. ఇన్నేళ్లు గుమాస్తాగా చేసింది ఆ పనే కదా.