అల్పస్వర గానము: లక్షణము, లక్ష్యము, శ్రోత

క్రొత్త సంగీతమును విని మెచ్చిన రసికుఁడు దానిని దనయొద్దనే దాఁచుకొనఁజాలఁడు. తోడి రసికుని గూర్చుండఁబెట్టి వినిపించును. విన్నవాఁడు మొదట నడుగు ప్రశ్న తఱచుగా “ఇది బాగున్నదా” యని కాదు, “ఇది సంగీతమేనా” యని. ఈ సందేహమునకు మూలములలో స్వరసంఖ్య యొకటి. ఏడుగాని ఆఱుగాని కనీస మైదుగాని స్వరములున్ననే రాగమనియు, అంతకుఁ దక్కువైనచో రాగము గాదనియు పండితులలోను పాఠశాలలలోను స్థిరపడిన యభిప్రాయము. అయినను నాలుగు స్వరములతోను, మూఁడు స్వరములతోను, తుదకు నొక్క స్వరముతోను రచింపఁబడిన గానము ఇరువదవ శతాబ్దమున ఆంధ్రదేశమందును పాశ్చాత్య దేశములందును వెలువడినది. అట్టి గానమునకు శాస్త్రమునఁ జోటు గలదా, కలదేని దానిని నిర్ణయింపవలసినవారెవ్వరు అనునవి యిట విచారింపఁదగిన యంశములు.

ముందుగా సంజ్ఞలను జూడవలెను. మతంగుని బృహద్దేశి స్వరసంఖ్యనుబట్టి ఏడు భేదములను జెప్పుచున్నది. ఏకస్వరము ఆర్చికము, ద్విస్వరము గాథికము, త్రిస్వరము సామికము, చతుస్స్వరము స్వరాంతరము, పంచస్వరము ఔడువము, షట్స్వరము షాడవము, సప్తస్వరము సంపూర్ణము. వీనిలో మొదటి నాలుగు పేళ్లు నారదీయ శిక్షయందును గలవు. ఋక్కునకు సంబంధించినది ఆర్చికము, గాథకు సంబంధించినది గాథికము, సామమునకు సంబంధించినది సామికము. తద్ధితప్రత్యయ మిచట సంబంధార్థమును దెలుపుచున్నది. స్వరము లల్పములైన గానమునకుఁ బూర్వులు పెట్టిన పేళ్లు ఋక్సామముల పేళ్లనుండి పుట్టినవగుట గమనింపఁదగినది. గానము హీనమని తోఁచియున్నచో నట్టి పేళ్లు పెట్టియుండరు.

వ్యాకరణమునందును దీనికి సాక్ష్యము గలదు. ఉదాత్తానుదాత్త స్వరితములను మూఁటిని వేర్వేఱ లక్షించిన పాణినియే వెంటనే ఏకశ్రుతిని విధించెను. దూరముననున్న వానిని బిలుచునపుడు మూఁడు స్వరముల భేదము లేక వాక్యమంతయు నేకశ్రుతిగా నుచ్చరింపఁబడును. యజ్ఞకర్మయందు జపమును, న్యూంఖములను, సామములను విడిచి తక్కిన మంత్రములకును ఏకశ్రుతియే విహితము. భేదమును విడుచుటయుఁ గొన్ని యెడల నర్థవంతమైన ప్రయోగమే యని సూత్రకారుని యాశయముగా గ్రహింపవచ్చును.

ఇఁక పూర్వపక్షము. నాలుగు స్వరములును అంతకుఁ దక్కువయు నైన గానము మార్గము కాదని మతంగుఁడు స్పష్టముగాఁ జెప్పెను. అల్పస్వర గానమును నిరాకరించువా రీ వాక్యమునే ప్రమాణముగాఁ జూపుదురు. కాని యిచటి నిషేధ మెట్టిదో పరిశీలింపవలెను. నఞర్థము రెండు విధములు: ప్రసజ్య ప్రతిషేధము, పర్యుదాసము. ప్రసజ్య ప్రతిషేధమున వస్తువే లేదని నిషేధము. పర్యుదాసమున నొకదానికంటె వేఱైనది యని మాత్రమే బోధ. మతంగుని నిషేధము రెండవ జాతిది. ఏలయన, మార్గము కాదని చెప్పిన వెంటనే యతఁడా గానము శబరులు, పులిందులు, కాంబోజులు, వంగులు, కిరాతులు, బాహ్లికులు, ఆంధ్రులు, ద్రవిడులు మున్నగువారియందును వనములందును బ్రయోగింపఁబడుచున్నదని పలికెను. ప్రయోగముగల దానిని లేదనుట పొసఁగదు. కావున నిషేధింపఁబడినది మార్గత్వమే కాని గానత్వము కాదు. దేశి గానమునకై గ్రంథమును రచించినవాఁడు దేశి యని చెప్పుట దూషణమును గానేరదు. భరతుఁడును అవకృష్ట ధ్రువలందు నాలుగు స్వరముల ప్రయోగమును నాట్యశాస్త్రమున నంగీకరించెను.

లక్షణ మిట్లుండఁగా లక్ష్యమును జూతము. ఆధునిక కాలమున నీ విషయమై గొప్ప వివాదమునకుఁ గారణమైనవాఁడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఆయన 1930లో కోనసీమలోని శంకరగుప్తమున జన్మించి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారియొద్ద శిష్యరికము చేసి, 2016లో చెన్నపట్టణమున నస్తమించెను. డెబ్బదిరెండు మేళకర్తలయందును కృతులు రచించినవాఁ డగుటచే, సంపూర్ణ రాగము చేతఁగాక అల్పస్వరములకు దిగినాఁడని యాయననుగూర్చి యెవ్వరును అనఁజాలరు. మహతి, లవంగి, సుముఖము మున్నగునవి నాలుగు స్వరములతోను, సర్వశ్రీ, ఓంకారి, గణపతి యనునవి మూఁడు స్వరములతోను ఆయన యేర్పఱచిన రాగములు. రాగసృష్టి యను మాటకే యభ్యంతరము తెలిపి వైణికుఁడు ఎస్. బాలచందర్ 1980 దశకమున వాదమునకు దిగెను. రాగము మునుపే యున్నదనియు, గాయకుఁడు దానిని గనుఁగొనునే కాని పుట్టింపఁజాలఁడనియు నొక పక్షము. ప్రయోగమున లేనిది ప్రయోగమునకు వచ్చినప్పుడు సృష్టి యనుట తప్పుగాదని వేఱొక పక్షము. శబ్దనిత్యత్వ వాదము నెఱిఁగిన వైయాకరణులకీ వివాదము క్రొత్తది గాదు.

వాదమును బ్రక్కకుఁ బెట్టి రాగమును వినుట మేలు. మహతియందలి స్వరములు షడ్జము, అంతర గాంధారము, పంచమము, కైశికి నిషాదము. నారదుని వీణ పేరే దీనికిఁ బెట్టఁబడినది. ఈ స్వరములకుఁ జతుశ్శ్రుతి ధైవతమును జేర్చినచో వలజి యను ఔడువ రాగమగును. వలజి యెఱిఁగిన శ్రోత మహతిని వినుచు పంచమ నిషాదముల నడుమ ధైవతమునకై యెదురుచూచును. అది రాదు. రాకపోవుటయే వినఁబడును. వ్యాకరణమున లోప మనఁగా నట్టిదే. కనఁబడకపోవుట లోపము, లోపించిన ప్రత్యయము కనఁబడకున్నను దన్నిమిత్తమైన కార్యము నిలుచును. మహతియందు ధైవత మట్లు లోపించియు దన కార్యమును జేయుచున్నది. సర్వశ్రీయందు స్వరములు షడ్జము, శుద్ధ మధ్యమము, పంచమము. వీనిలో షడ్జ పంచమములు వికృతిభేదములు లేని స్వరములు. కావున రాగభారమంతయు నొక్క మధ్యమముమీఁదఁ బడును. స్వరసంఖ్య తగ్గినకొలఁది, మిగిలిన స్వరమును బలుకు తీరు, నిలుపు కాలము, గమకము, కాకువు, స్థాయిభేదము అనువాని బలము పెరుగును. అల్పస్వర గానమును వినుట కవి చెవికి గుఱుతులు.

పాశ్చాత్యులలో నీ మార్గమున నడచినవారు బృహద్దేశిని జదివి నడిచినవారు గారు. అయినను వారి రచనలా సంజ్ఞలకు వరుసగా నుదాహరణములవలె నున్నవి. ఇటలీ దేశస్థుఁడగు జియచింతో షెల్సీ 1959లో వాద్యబృందమునకై నాలుగు ఖండములను రచించెను. ఒక్కొక్క ఖండము ఒక్క స్వరము నాశ్రయించినది. ఆ స్వరము స్వల్పముగా హెచ్చి తగ్గుచు, వాద్యమునుండి వాద్యమునకు మాఱుచు, బలమును బొందుచు క్షీణించుచు సాగును. ఇది ఆర్చికము. అమెరికా వాసి లామాంట్ యంగ్ 1960లో రెండు స్వరములను మాత్రమే వ్రాసి, వానిని చాలసేపు నిలుపవలెనని నిర్దేశించెను. ఇది గాథికము. ఈయన పిమ్మట కిరాణా సంప్రదాయమునకుఁ జెందిన పండిత ప్రాణనాథునకు శిష్యుఁడగుట విశేషము. హంగరీ దేశమున జ్యోర్జి లిగెటి 1951-53 నడుమ పియానో వాద్యమునకై పదునొకండు ఖండములు గల రచన చేసెను. మొదటి ఖండమున స్వరములు రెండు. అందును రెండవది తుదియందే వచ్చును. రెండవ ఖండమున మూఁడు, మూఁడవదానియందు నాలుగు. ఇట్లు పెరిగి కడపటి ఖండమునఁ బండ్రెండును బూర్తియగును. ఈ రచన సమగ్రముగా సభయందు వినఁబడుటకు 1969 వఱకు వేచియుండవలసివచ్చినది. 1952లో జాన్ కేజ్ వాద్యకారుఁడు నాలుగు నిమిషముల ముప్పదిమూఁడు సెకండ్ల కాలమొక్క స్వరమును బలుకక కూర్చుండునట్లు రచించెను. సర్వలోపమున శ్రోత చెవికి సభలోని చప్పుళ్లే మిగులును. సంజ్ఞల పట్టికకు నిది వెలుపలిదైనను, లోపమును వినుట యనుదానికిఁ బరాకాష్ఠ.

ఇవి యన్నియు నేరికోరి రచింపఁబడిన ప్రయోగములు. ఐనను మతంగుఁడు పేర్కొనిన యాంధ్రుల దేశి గానమేది యను ప్రశ్న మిగిలియున్నది. దానికి సమాధానము గ్రంథములలోఁగాక పొలములలో నున్నది. సంగారెడ్డి మండలమున, కన్నడదేశపు సరిహద్దు చేరువ జహీరాబాదు పట్టణము గలదు. దాని పరిసర గ్రామములలో జొన్నలు, సజ్జలు, కందులు విత్తునపుడును, కలుపు తీయునపుడును, బతుకమ్మ నాడునపుడును స్త్రీలు పాడు పాటలలోఁ బెక్కింటి వరుసలు కొలఁది స్వరముల పరిధిలోనే తిరుగును. ఒకతె పాడఁగా నితరు లందుకొందురు. ఉయ్యాల యనియో చందమామ యనియో పల్లవి పదము చరణ చరణమునకు మరలి వచ్చును. చప్పటులు తాళము. తిరుగలి పాటకైనచో ఱాతి ధ్వనియే శ్రుతి. అది యెడతెగక మ్రోయుచుండఁగా దానిపై నాలుగు స్వరముల వరుస నిలుచును. షెల్సీ రచనను జెవియొగ్గి వినఁగలవానికి తిరుగలి పాట సులభముగా వశమగును. తిరుగలి పాటతోఁ బెరిగినవానికి షెల్సీ యంత దూరపువాఁడు గాఁడు.

ఈ పాటలు తల్లినుండి బిడ్డకు పనిలోనే సంక్రమించినవి. పిండిమరలు రాఁగానే తిరుగలి యాగినది. తిరుగలితోఁ బాటకు సందర్భమును దొలఁగినది. సందర్భము పోయిన పాటను నిలుపుటకు వేఱొక సాధనము కావలెను. జహీరాబాదు చెంతనున్న పస్తాపురము కేంద్రముగాఁ బనిచేసిన దక్కను డెవలప్‌మెంట్ సొసైటీవారి మహిళా సంఘములు దీని కొక మార్గమును జూపినవి. మాచ్‌నూరు గ్రామమున సంఘం రేడియో యను ధ్వనిప్రసార కేంద్రము 2008 అక్టోబరు 15న ప్రారంభమైనది. దానిని ప్రారంభించినవారు జస్టిస్ పి. బి. సావంత్. వాయుతరంగములు ప్రజలకుఁ జెందిన సొత్తని 1995లో సుప్రీము కోర్టు ఇచ్చిన తీర్పునఁ బ్రధానపాత్ర వహించినవా రాయనయే. కేంద్రమును నడిపినవారు దళిత స్త్రీలు. ప్రసారమునకు ముందే కొన్నియేండ్లు వారు పాటలను మాటలను ధ్వనిముద్రణము చేసి గ్రామములలో వినిపించుచు వచ్చిరి. ఇచట పాడునది విత్తు విత్తిన స్త్రీయే. వినునది ప్రక్కయూరి స్త్రీ. నేఁటి శ్రోత రేపటి గాయని. ఒక యూరి వరుస మఱియొక యూరికిఁ బోయి యచటి మాటలను దాల్చును.

సిద్ధాంత మిచట నేర్పడుచున్నది. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవునట్లు పదము కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోవఁడని భాష్యకారుఁడు చూపెను. ప్రయోగము ముందు, లక్షణము వెనుక. అయినను నోటికి వచ్చిన ప్రతిధ్వనియు సాధువు గాదు. శిష్టుల యంగీకారము కావలెను. సంగీతమున శిష్టులెవ్వరు? కర్త తన కృతిని సృష్టి యని చెప్పుకొనుట ప్రమాణము గాదు. గ్రంథమున లేదనుటయు ప్రమాణము గాదు. విని, నచ్చి, మఱియొకనికి వినిపించి, తిరిగి పాడు సహృదయ సమూహమే శిష్టసమూహము. 1975లో ఎం. ఎస్. విశ్వనాథన్ అపూర్వ రాగంగళ్ అను తమిళ చిత్రమునకై మహతి రాగమున నొక పాటను గట్టఁగా ఏసుదాసు పాడెను. రాగ మంతటితో నొక్కని సొత్తుగాక ప్రయోగమైనది. మాచ్‌నూరు శ్రోతలు పొరుగూరి వరుస నందుకొనుటయు నిట్టిదే. శ్రోతలు పరస్పరము పంచుకొనుట వినోదమాత్రము గాదు. ప్రామాణ్యమును నిర్ణయించు వ్యాపారము.

పాఠశాలలందలి పండితులకు దీనివలన నొక కర్తవ్యము గలదు. వారమునకొక పావుగంట చాలును. వినిపింపఁబోవు దాని పేరుగాని కర్తపేరుగాని ముందు చెప్పరాదు; పేరు విన్న చెవి పేరునే వినును. ఒకమాఱు వినిపించి, స్వరము లెన్నియని విద్యార్థుల నడిగి, మఱల వినిపింపవలెను. మహతి పిమ్మట వలజిని వినిపించి, వచ్చి చేరిన స్వరమేదో వారిచేతనే చెప్పింపవలెను. మఱుసటి వారము విద్యార్థి యింటినుండి యవ్వ పాడిన పాటను దెచ్చి యదే విధముగా స్వరములను లెక్కింపవలెను. సజ్జదంచిన పాటలో నాలుగే స్వరములున్నవని కనుఁగొన్న బాలుఁడు దానిని మొఱటు పాట యని విడువఁడు. స్వరాంతరమని పేరు పెట్టి దాఁచుకొనును. అవ్వలు వెడలిపోకమున్నే యీ పని జరుగవలెను. మతంగుఁ డాంధ్రులనుగూర్చి వ్రాసినది నిందయో సాక్ష్యమో తేల్పవలసినది యా పాటలే. అవి నిలిచియుండిననే యది సాక్ష్యము.