మన పిల్లలకు పొలంలో ఇంటర్న్‌షిప్పా?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే హైస్కూలు పిల్లలున్న మన తెలుగిళ్లలో ఒకటే చర్చ. ఎవరబ్బాయికి ఏ కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎవరమ్మాయి ఏ హాస్పిటల్లో వాలంటీరుగా చేరింది అని. బయాలజీ ఇష్టమన్న పిల్ల కనిపిస్తే చాలు, "అయితే డాక్టరవుతావా అమ్మా?" అని అడిగేస్తాం. వ్యవసాయ పరిశోధన సంస్థల్లో కూడా విద్యార్థులకు ఇంటర్న్‌షిప్పులుంటాయన్న మాట మన పార్టీల్లో ఎప్పుడైనా విన్నారా? బోటనీతో బీఎస్సీ చేసిన నాకే మా ఆడపడుచు కూతురు చెబితే తెలిసింది.

మేముండేది అయోవాలో. ఊరు దాటితే కనుచూపు మేర మొక్కజొన్న, సోయాబీన్. ఆ పిల్లకు పదహారేళ్లు. కిందటి వేసవిలో ఒక యూనివర్సిటీ వాళ్ల సోయాబీన్ ప్రయోగ క్షేత్రంలో ఆరు వారాల ఇంటర్న్‌షిప్ వచ్చింది. అప్పుడు మా మామగారు ఇక్కడే ఉన్నారు. ఆయనది అనంతపురం జిల్లా, జీవితమంతా వేరుశనగ సేద్యం. "మీ మామయ్యను అమెరికా పంపడానికి మూడెకరాలు అమ్మాను. ఎండలో మాడడం నాతో ఆఖరు కావాలనుకున్నాను. నువ్వు మళ్లీ పొలంలోకే పోతానంటావేంటే తల్లీ?" అన్నారు. మా ఆడపడుచు ముఖం చూస్తే ఆమెకూ అదే అనుమానం ఉన్నట్టు తెలుస్తోంది. ఆయన మాటను కొట్టిపారేయలేం. వాన కోసం ఆకాశం చూస్తూ, అప్పు కోసం షావుకారు గుమ్మం చూస్తూ బతికిన మనిషి ఇంకెలా అంటారు?

చివరికి పిల్ల పట్టుబట్టి చేరింది. పనేమీ సినిమాల్లో చూపించినట్టు ఉండదు. పొద్దున్నే ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకుని పొలంలోకి వెళ్లడం, వరుసకు ఎన్ని మొక్కలున్నాయో లెక్కపెట్టడం, గొట్టం దించి మట్టి నమూనాలు తీయడం. ఆ మట్టిని తడిగా ఉండగా తూచి, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో ఒక రోజంతా ఆరబెట్టి, మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే అందులో ఉన్న నీరు. ఇలా రోజూ పదుల కొద్దీ డబ్బాలు. రెండో వారానికి "బోర్ అత్తా" అంది. విసుగును ఓర్చుకుని లెక్క తప్పకుండా రాయడమే సైన్సులో సగం పని అని నేను చెప్పాను. మా కాలేజీలో హెర్బేరియం షీట్లు అతికించిన రోజులు నాకు గుర్తున్నాయి మరి.

ఒక సాయంత్రం ఆ పిల్ల తాతయ్యను అడిగింది: "మీకు ఓవెన్ లేదు కదా, విత్తడానికి నేలలో తగినంత తడి ఉందని ఎలా తెలిసేది?" ఆయన పెరట్లోకి తీసుకెళ్లి గుప్పెడు మట్టి పిడికిట బిగించి చూపించారు. ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. దాన్ని "పదును" అంటారని చెప్పారు. ఆ మాట పిల్ల నోట్‌బుక్కులో ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంది. మర్నాడు ఆయనే అడిగారు, "మీ ప్రొఫెసర్ ఏమన్నాడే?" అని. అక్కణ్ణించి విత్తనం వేరుశనగను కాయలుగానే ఎందుకు దాస్తారు, కాయ ఊపితే గలగలమనాలని ఎందుకంటారు అంటూ ఇద్దరికీ రోజూ అదే ముచ్చట. పొలం అమ్మిన బాధ తప్ప పొలం గురించి మాకెప్పుడూ ఇంత చెప్పని మనిషి ఆయన.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఆసక్తి ఉన్న పిల్లలుంటే, అమెరికాలో ఉన్నవారికి పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాను. చిన్నపిల్లలకు 4-హెచ్ క్లబ్బులు మంచి మొదలు. (మన వీసా హెచ్-4 కాదండోయ్!) కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుల ద్వారా నడుస్తాయి. మొక్కల నుంచి రోబోల దాకా ప్రాజెక్టులుంటాయి. వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏలో, పాత్‌వేస్ అనే జీతమిచ్చే ఇంటర్న్‌షిప్పులున్నాయి కానీ వాటికి అమెరికా పౌరసత్వం కావాలి. హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతం తీసుకునే పని చేయకూడదు కాబట్టి, చేరేముందు స్కూలు కౌన్సిలర్‌నూ, అవసరమైతే లాయర్‌నూ అడగండి.

హైస్కూలు పిల్లల కోసం ప్రత్యేకంగా 1998లో మొదలైనది బోర్లాగ్-రువాన్ ఇంటర్న్‌షిప్. మా డెమోయిన్‌లోని వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఫౌండేషన్‌ది. ఎంపికైన పిల్లలను ఎనిమిది వారాల పాటు ఇతర దేశాల్లోని పరిశోధన కేంద్రాలకు పంపే కార్యక్రమం ఇది. కాలేజీ పిల్లలైతే హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంగతి కనుక్కోవచ్చు. 1972లో పెట్టిన ఆ సంస్థలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన జరుగుతుంది. ఓసీఐ కార్డు ఉన్నా ఇండియాలో పరిశోధనకు ప్రత్యేక అనుమతి కావాలన్నది మరిచిపోకండి.

ఎక్కడైనా సరే, ఒప్పుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. రోజూ పని నేర్పే మనిషి ఎవరు? ఎండ ఎక్కువైనప్పుడు ఏం చేస్తారు? మందు కొట్టిన మడిలోకి ఎప్పుడు వెళ్లనిస్తారు? బస, భోజనం, జీతం ఎవరి బాధ్యత? సూటిగా జవాబు రాకపోతే వేరేచోటు చూసుకోవచ్చు.

డెమోయిన్‌లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ భవనం ఉంది. 1987లో మొట్టమొదటి బహుమతి అందుకున్నది మన దేశపు ఎం.ఎస్. స్వామినాథన్. 2005లో అందుకున్నది బాపట్లలో పుట్టిన మోదడుగు విజయ్ గుప్తా. బంగ్లాదేశ్‌లో ఇంటి పక్క గుంటల్లో, చిన్న చెరువుల్లో చేపలు పెంచడం పేద ఆడవాళ్లకు నేర్పిన శాస్త్రవేత్త ఆయన. చదివింది బయాలజీయే, డాక్టరేమో కాలేదు. మామగారిని ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లి ఈ సంగతి చెబితే, "బాపట్లాయనా!" అని కాసేపు ఆగి, "ఈయనను చదివించడానికి వాళ్ల నాన్న ఎన్నెకరాలు అమ్మాడో" అన్నారు.

ఆ పిల్ల వ్యవసాయమే చదువుతుందో లేదో మాకింకా తెలియదు. ఈ వేసవికి మళ్లీ అప్లై చేసింది. వ్యాసం మొదట చదివి వినిపించింది మాత్రం తాతయ్యకే, వీడియో కాల్‌లో, వచ్చీరాని తెలుగులో.