పడవ బండికి ఇరుసు ఎక్కడ?

కోరుట్ల మార్కెట్ యార్డుకు వడ్లు, మక్కలు, పసుపు మోసుకొచ్చే ట్రాక్టర్ ట్రాలీకి టన్నుల బరువు ఒక లెక్క కాదు. దానికి అరవై కిలోల తెరచాప పడవ ఏపాటి? పాత ట్రాలీ ఒకటి చూసి, వెల్డింగ్ షాపులో నాలుగు పైపులు అతికిస్తే పడవ బండి తయారైనట్టే అనిపిస్తుంది. తీరా రోడ్డెక్కాక రెండు వింతలు ఎదురవుతాయి. బరువులు మోసి రాటుదేలిన ట్రాలీ ఈ తేలిక సరుకునే ఎక్కువ కుదిపేస్తుంది. ట్రాక్టర్ వెనక ఏళ్ల తరబడి బుద్ధిగా నడిచిన బండి, కారు వెనక కట్టగానే అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. రెండింటికీ కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది, మందు కూడా అక్కడే ఉంది.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి ఎందుకంటే, ఇక్కడ నీళ్లకు ఇప్పుడు కొదవ లేదు. సిరిసిల్ల జిల్లా మాన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరు సుమారు 26 టీఎంసీల జలాశయం. కరీంనగర్ పక్కన దిగువ మానేరు ఉంది. జగిత్యాల జిల్లాలో ధర్మపురిని ఒరుసుకుంటూ గోదావరి పారుతోంది. తెరచాప పడవలకు మాత్రం తెలంగాణలో పేరున్న చోటు హుస్సేన్‌సాగర్. ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు అక్కడే నేర్పిస్తాయి. అక్కడి పడవ ఇక్కడి నీళ్లకు రావాలంటే నూరు కిలోమీటర్లు దాటిన రోడ్డు ప్రయాణం తప్పదు.

మోయాల్సింది ఏమిటి?

బండి కంటే ముందు పడవ సంగతి. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవను 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించాడు. పొడవు 2.3 మీటర్లు, ఒట్టి డొల్ల (కొయ్యలు, తెరచాప లేని పడవ) బరువు 35 కిలోలు. దీనికి వేరే బండే అక్కర్లేదు. ట్రాలీ ఆటోలో వేసి కట్టేయొచ్చు.

తర్వాతిది లేజర్. ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ రజతం, విష్ణు శరవణన్ కాంస్యం గెలిచింది ఈ తరగతి పడవల మీదే. కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ 1969లో దీని బొమ్మ గీసినప్పుడు పెట్టుకున్న షరతు ఒక్కటే: కారు పైకప్పు మీద పట్టాలి. అందుకే డొల్ల 59 కిలోల్లో ముగిసింది, తెరచాప కొయ్య రెండు ముక్కలుగా విడిపోతుంది. పొడవు 4.23 మీటర్లు, అంటే పద్నాలుగు అడుగులకు కాస్త తక్కువ. ఏడాదికి ఒకసారి తెచ్చుకునేవాళ్లు పద్నాలుగు అడుగుల డీసీఎం కిరాయికి మాట్లాడుకుంటే పరుపుల మీద పడుకోబెట్టి తేవచ్చు. 1956లో జాక్ హోల్ట్ గీసిన ఇద్దరు మనుషుల ఎంటర్‌ప్రైజ్ ఇంకా బరువు, డొల్లే 90 కిలోల దాకా ఉంటుంది.

వారం వారం నీళ్లకు దిగాలనుకుంటేనే సొంత బండి ఆలోచన. అప్పుడు లెక్క ఇలా వేసుకోవచ్చు: లేజర్ పడవ 60 కిలోలు, కొయ్యలు, తెరచాప, తాళ్లు కలిపి 30, బండి ఇనుము, గీరలు 110. మొత్తం 200 కిలోలు. ట్రాక్టర్ ట్రాలీ ఖాళీగా తూగే దాంట్లో ఇది చిన్న భాగం.

ఎడ్లబండి ఎరిగిన సూత్రం

రెండు గీరల బండికి బరువు ఎక్కించడంలోని కిటుకు పాత రైతులకు అనుభవంతో తెలుసు. బస్తాలు వెనక ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, కాడి ఎడ్ల మెడ కింది తాడును బిగించేస్తుంది. ముందు ఎక్కువైతే భారమంతా మెడల మీద పడుతుంది. అందుకే ఇరుసుకు కొంచెం ముందుగా బరువు ఆపి, కాడి మీద చిన్నపాటి ఒత్తిడి మాత్రం ఉండేట్టు సర్దేవాళ్లు.

కారు వెనక బండికీ ఇదే లెక్క. కాడి స్థానంలో హుక్కు ఉంటుంది. హుక్కు మీద పడే బరువును హుక్కు నుంచి ఇరుసు దాకా ఉన్న దూరంతో గుణిస్తే వచ్చే విలువ, మొత్తం బరువును దాని గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు) ఇరుసుకు ఎంత ముందుందో ఆ దూరంతో గుణిస్తే వచ్చే విలువకు సమానం. మన బండిలో హుక్కు నుంచి ఇరుసుకు 3 మీటర్లు అనుకుందాం. గరిమనాభి ఇరుసుకు 15 సెంటీమీటర్లు ముందుంటే హుక్కు మీద 10 కిలోలు పడతాయి. 30 సెంటీమీటర్లు ముందుంటే 20 కిలోలు. అదే 10 సెంటీమీటర్లు వెనక్కి జారితే, ఆరున్నర కిలోలకు పైగా బలం హుక్కును పైకి లేపుతుంది.

ఎంత ఉండాలి? బ్రిటన్‌లో కారవాన్లకు మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం హుక్కు మీద ఉండాలంటారు. అమెరికాలో 10 నుంచి 15 శాతం. చిన్న పడవ బండికి 5 నుంచి 10 శాతం చాలు. అంటే మన 200 కిలోలకు 10 నుంచి 20 కిలోలు. పైలెక్క ప్రకారం గరిమనాభి తిరగగలిగే చోటు మొత్తం 15 సెంటీమీటర్లే, ఒక జానెడు కూడా కాదు. పడవ ఒక్కదాన్నే 30 సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరిపితే మొత్తం గరిమనాభి 9 సెంటీమీటర్లు కదులుతుంది, హుక్కు మీద 6 కిలోలు మారుతుంది. కొనుక్కున్న ట్రాలీ ఇరుసు అది మోసే సరుకుకు తగ్గ చోట ఉంటుంది. మన పడవకు అది సరిపోతుందన్న భరోసా లేదు.

కారు వెనక ఊగడం ఎందుకు?

రోడ్డు మీద పోతున్న బండిని పక్కగాలో, దాటిపోయే లారీ గాలివిసురో పక్కకు నెట్టిందనుకోండి. బండి హుక్కు చుట్టూ కొంచెం తిరుగుతుంది. అప్పుడు టైర్లు తాము చూస్తున్న దిక్కు ఒకటి, పోతున్న దిక్కు ఒకటి అవుతాయి. ఆ రెంటి మధ్య కోణం వల్ల పుట్టే పక్కబలం బండిని మళ్లీ దారికి తెస్తుంది, ఊపును కూడా ఆర్పుతుంది. ఇక్కడే వేగం అడ్డొస్తుంది. బండి అంతే జోరుగా పక్కకు ఊగినా, ముందుకు పోయే వేగం రెట్టింపైతే ఆ ఊపు తెచ్చే అదనపు కోణం సగానికి పడిపోతుంది. ఊపును ఆర్పే శక్తి కూడా సగమవుతుంది. ఒకానొక వేగం దాటాక ఊపు ఆరకపోగా ప్రతిసారీ పెద్దదవుతుంది.

ట్రాక్టర్ ఆ వేగానికి చేరదు. ముప్పై కిలోమీటర్ల వేగంలో, అంత బరువైన యంత్రం వెనక, ఎలా ఎక్కించినా ట్రాలీ సర్దుకుపోతుంది. నిజామాబాద్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద కారు ఎనభై అందుకున్నప్పుడు మాత్రం బరువు ఎక్కించడంలోని తప్పు బయటపడుతుంది. గరిమనాభి ఇరుసుకు వెనక ఉంటే కారు వెనక టైర్ల మీద బరువు తగ్గి పట్టు సడలుతుంది. బండి ఒక పక్కకు ఊగిన ప్రతిసారీ కారు వెనక భాగాన్ని రెండో పక్కకు లాగుతుంది.

బరువు మధ్యలో ఉందా, కొసల్లో ఉందా అన్నది ఇంకో సంగతి. లంగరు ముందు కొసన, సామాన్ల పెట్టె వెనక కొసన పెడితే గరిమనాభి సరైన చోటే ఉండొచ్చు. కానీ తిరగడం మొదలుపెట్టిన బండిని ఆపడం కష్టమవుతుంది. బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో కారు, బండి జంట నిలకడను ఎక్కువగా నిర్ణయించేవి మూడని తేలింది: బండి తిరుగుడు జడత్వం, హుక్కు మీది బరువు, ఇరుసు ఉన్న చోటు. అందుకే బరువైన సామాన్లన్నీ ఇరుసుకు దగ్గరగా, అడుగున కట్టాలి.

ఊపు మొదలైతే సడన్ బ్రేకు కొట్టకూడదు. కారు ఆగబోతుంటే వెనక బండి దాన్ని నెట్టి ఊపును పెంచుతుంది. స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, వేగం దానంతటదే పడనివ్వాలి.

కమాన్ల గట్టిదనం

చిన్న గూడ్స్ బండ్ల నుంచి విప్పిన పాత ఇరుసు, కమాన్లు చవగ్గా దొరుకుతాయి. వాటి బలమే ఇక్కడ చిక్కు. వెయ్యి కిలోలకు 5 సెంటీమీటర్లు కుంగే కమాన్లు, 200 కిలోలకు ఒక్క సెంటీమీటరే కుంగుతాయి. స్ప్రింగు ఎంత తక్కువ కుంగితే బండి అంత వడిగా ఎగిరి పడుతుంది: నిండు బరువుతో సెకనుకు రెండుసార్లకు కొంచెం పైన, మన తేలిక బరువుతో ఐదుసార్లు. ప్రతి స్పీడ్‌బ్రేకర్ దెబ్బా పడవ డొల్లకు నేరుగా తగులుతుంది. ఫైబర్ డొల్లకు నీటి ఒత్తిడి అంతటా సమానంగా పంచి ఉంటే నష్టం లేదు. ఒక పైపు అంచు మీద వేలసార్లు కొట్టుకుంటే పొరల్లో పగుళ్లు వస్తాయి.

పరిష్కారం కమాన్ పట్టీలు తగ్గించడం. ఒకే మందం ఉన్న పట్టీల్లో సగం తీసేస్తే గట్టిదనం సుమారు సగమవుతుంది. టైర్ల గాలి కూడా బరువుకు తగ్గట్టు తగ్గించాలి. పడవ కింద పైపు కాకుండా, డొల్ల వంపుకు తగినట్టు కోసి రబ్బరు అంటించిన వెడల్పు చెక్క ఆనింపులు ఉండాలి. కట్టడానికి నైలాన్ తాడు కంటే పాలిస్టర్ పట్టీ మేలు, సాగడం తక్కువ.  తేలిక పడవ గాలికి లేచే ప్రమాదం ఉంది కాబట్టి ముందూ వెనకా రెండుచోట్లా కట్టాలి.

హుక్కు, పిన్ను, గుండు

ట్రాక్టర్ ట్రాలీని పిన్నుతో తగిలిస్తారు. రంధ్రం వదులుగా ఉంటుంది, బ్రేకు వేసినప్పుడల్లా టంగుమంటుంది. కారుకు ఉక్కు గుండు, దాన్ని కప్పే గిన్నె కావాలి. యూరప్ గుండు వ్యాసం 50 మిల్లీమీటర్లు, అమెరికా గుండు రెండు అంగుళాలు, అంటే 50.8. తేడా ఒక మిల్లీమీటరు లేకున్నా వీటిని కలిపి వాడకూడదు. ఒకదాంట్లో గిన్నె కూర్చోదు, రెండోదాంట్లో వదులై జారిపోతుంది. హుక్కుకు అదనంగా రెండు గొలుసులు, నొగ కిందుగా ఒకదాన్నొకటి దాటేట్టు కట్టాలి. హుక్కు ఊడినా నొగ ఆ గొలుసుల మీదే ఆగుతుంది, రోడ్డుకు గుచ్చుకోదు.

కారు ఎంత బరువు లాగొచ్చో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. లాగొద్దని ఉంటే ఆ ఆలోచన మానుకోవాలి. ఈ చిన్న బండికి సొంత బ్రేకులుండవు. వెయ్యి కిలోల కారు అదే వేగం నుంచి ఆగాలంటే బ్రేకులు ఐదో వంతు ఎక్కువ పని చేయాలి.

నీళ్ల దగ్గర

ధాన్యం ట్రాలీకి లేని బాధ పడవ బండికి ఉంది: నీళ్లలో దిగడం. గంటసేపు నడిచిన చక్రాల బేరింగులు వేడెక్కి ఉంటాయి. వెంటనే చల్లని నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. గ్రీసు తెల్లబారుతుంది, తర్వాత తుప్పు. వచ్చే వారం రోడ్డు మీద చక్రం పట్టేస్తుంది.

దీనికి పడవ క్లబ్బుల్లో పాతుకుపోయిన ఉపాయం రెండు బండ్లు. చిన్న చేతి బండి మీద పడవ ఎప్పుడూ ఉంటుంది. ఆ చేతి బండినే ఎత్తి రోడ్డు బండి మీద కూర్చోబెట్టి బిగిస్తారు. గట్టు చేరాక చేతి బండిని దించి నీళ్లలోకి తోస్తారు, రోడ్డు బండి పొడిగా ఒడ్డునే ఉంటుంది. జలాశయం కట్టలకు పరిచే రాతి రివిట్‌మెంట్ ఏటవాలు మీద చక్రాలు దిగవు. నీటిమట్టం కూడా ఏడాది పొడవునా ఒకేచోట ఉండదు. పాత దారి నీళ్లలోకి దిగే చోటో, నేల చదునుగా వాలే చోటో చూసుకోవాలి. వెడల్పు టైర్ల చేతి బండి బురదలోనూ కూరుకుపోదు. జలాశయం నీటిపారుదల శాఖది కాబట్టి అనుమతి లేకుండా దిగకూడదు. లైఫ్ జాకెట్ మాట చెప్పక్కర్లేదు.

కాగితాలు

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజను లేకపోయినా ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టరైన బండి రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని అదే చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి వ్యవసాయ ట్రాలీని కోసి కొత్తది చేసేముందు ఆర్టీఏ కార్యాలయంలో అడగాలి. పడవ కొసలు పరిమితి దాటి బయటికొస్తే జరిమానా 2019 సవరణ తర్వాత 20,000 రూపాయలు.

ఇక వెల్డింగ్ షాపుకు వెళ్లేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోవాలి: ఇరుసును ముందే అతికించొద్దు. యూ బోల్టులతో ఫ్రేముకు బిగించమనండి. పడవ, కొయ్యలు, సామాన్లు అన్నీ ఎక్కించి, వడ్ల కొనుగోలు కేంద్రాల్లో బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి తెచ్చి, రోడ్డు మీద హుక్కు ఉండే ఎత్తుకే నొగను ఆనించి చూడండి. వేబ్రిడ్జి ఇంత చిన్న తేడాలు పట్టదు. పది కిలోల కంటే తక్కువ చూపిస్తే ఇరుసును వెనక్కి జరపాలి, ఇరవై దాటితే ముందుకు. అంకె మధ్యలో నిలిచాక బోల్టులు గట్టిగా బిగించి, అక్కడ ఫ్రేము మీద రంగుతో గీత గీయాలి. మరుసటి వారం పడవలో సామాన్లు మారితే కాంటా మళ్లీ తేవాలి.