రొమ్ము క్యాన్సర్‌ను జయించిన మహిళల ఆర్థిక భారం - కొలిచే విధానం

శామీర్‌పేట సమీపంలోని తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీలో భాగంగా ఔషధ పరిశోధనకు పేరొందింది. అయినప్పటికీ ఈ ప్రాంతపు మహిళకు రొమ్ము క్యాన్సర్ వస్తే, ఖర్చు మందులతోనే ఆగదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. దీనివల్ల అర్హులకు ఆసుపత్రి బిల్లు భారం తగ్గుతుంది. కానీ హైదరాబాదుకు రానుపోను ఛార్జీలు, పోయిన కూలి, కుదువపెట్టిన బంగారం ఏ బిల్లులోనూ కనిపించవు. హార్మోను మాత్రలు అవసరమైన వారికి ఈ రాకపోకలు 5 నుండి 10 ఏళ్లు సాగవచ్చు.

ఈ భారాన్ని రోగినే అడిగి కొలిచేందుకు షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో 'కాస్ట్' ప్రశ్నావళిని వెలువరించారు. ప్రశ్నలు 11, ఒక్కొక్కదానికి 0 నుండి 4, మొత్తం 44 మార్కులు. మార్కులు తగ్గేకొద్దీ ఇబ్బంది ఎక్కువని గ్రహించాలి. దినకూలీ కుటుంబాలను అప్పుల గురించి విడిగా అడగడం అవసరం. చికిత్స ముగిసిన ఏడాదికి మరల అడిగితేనే తాకట్టు విడిపించుకున్నారో లేదో తెలుస్తుంది.