గుర్రం దౌడు లోగుట్టు

1973 జూన్ 9. న్యూయార్క్‌లోని బెల్మాంట్ పార్కులో మైలున్నర పందెం. బరిలో ఉన్నవి ఐదే గుర్రాలు. వాటిలో సెక్రటేరియట్ అనే ఎర్రగుర్రం అప్పటికే కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్ కొట్టేసింది. ఇదీ గెలిస్తే పాతికేళ్లుగా ఏ గుర్రానికీ దక్కని ట్రిపుల్ క్రౌన్ దానిదే. గేటు తెరుచుకోగానే షామ్ అనే గుర్రం దాంతో ఢీ అంటే ఢీ అంది. మొదటి ఆరు ఫర్లాంగులు రెండూ 70 సెకన్లలోపే లాగించేశాయి. మైలున్నర దూరానికి అది మతిలేని జోరు. షామ్ పని అక్కడితో సరి, చిట్టచివరన వచ్చింది. సెక్రటేరియట్ మాత్రం ఆగలేదు. రెండో గుర్రానికి 31 లెంగ్తుల ముందు, అంటే 31 గుర్రాలను వరసగా నిలబెట్టేంత దూరంలో, గీత దాటింది. సమయం 2 నిమిషాల 24 సెకన్లు. ఆ దూరానికి మట్టి ట్రాక్ మీద అంతకంటే వేగంగా పరుగెత్తిన గుర్రం ఇంతవరకూ లేదు.

ఆ రోజు దానిమీద రెండు డాలర్లు కాసినవాళ్లకు వచ్చేది రెండు డాలర్ల ఇరవై సెంట్లే. 5,617 టికెట్లకు అదీ ఎవరూ తీసుకోలేదు. జ్ఞాపకంగా దాచుకున్నారు.

లెక్క కడితే సెక్రటేరియట్ ఆనాటి వేగం సగటున గంటకు 60 కిలోమీటర్లు. ఉసేన్ బోల్ట్ తన జీవితంలోకెల్లా గొప్ప పరుగులో, అదీ కొద్ది మీటర్ల పాటు, అందుకున్నది 44 కిలోమీటర్ల పైచిలుకు. గుర్రం ఇంకా వేగంగా పోగలదు. 2008లో అమెరికాలోని పెన్ నేషనల్ ట్రాక్‌లో విన్నింగ్ బ్రూ అనే రెండేళ్ల ఆడగుర్రం రెండు ఫర్లాంగులను 20.57 సెకన్లలో ముగించింది. గంటకు 70.76 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. కానీ రెండు ఫర్లాంగులంటే 400 మీటర్లు. ఆ జోరు మైలున్నర సాగదు. అందుకే గుర్రం వేగం ఎంత అని అడిగేవారు ఎంత దూరానికి అన్నదీ చెప్పాలి. పావు మైలు పందేలకు పెంచిన క్వార్టర్ హార్స్‌ది ఒక ఒడ్డూ పొడుగూ. రోజంతా ఎడారిలో నడిచే అరబ్బీ గుర్రానిది మరొకటి. థరోబ్రెడ్ జాతిలోనే పొట్టి పందేల గుర్రాలు, పొడుగు పందేల గుర్రాలు వేరు. కండ పెరుగుదలకు పగ్గం వేసే మయోస్టాటిన్ అనే జన్యువు ఆ తేడాలో పెద్ద పాత్ర వహిస్తుందని డబ్లిన్ శాస్త్రవేత్తలు 2010లో తేల్చారు.

మనం చూసేది కాళ్లనే. అసలు కథ పొట్టలోనూ రొమ్ములోనూ ఉంది. తీరిగ్గా నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది. దౌడులో అది 220 దాటుతుంది. ఆ గుండెకు పంపు చేయడానికి సరుకు ప్లీహం అందిస్తుంది. మామూలు వేళల్లో ఎర్ర రక్తకణాలను దాచిపెట్టుకునే ఈ అవయవం పరుగు మొదలవగానే ముడుచుకుపోయి, వాటిని రక్తంలోకి నెట్టేస్తుంది. రక్తంలో కణాల వాటా దాదాపు 40 శాతం నుంచి 60 దాటిపోతుంది. క్రీడాకారులు దొంగచాటుగా చేసి పట్టుబడే పనిని గుర్రం ఒళ్లు దానంతటదే చేసిపెడుతుంది.

ఊపిరి సంగతి ఇంకా చిత్రం. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ఉన్నది ముక్కే. పైగా దౌడులో ఒక్కో అంగకు ఒక్కటే ఊపిరి. ముందుకాళ్లు నేలకు తాకినప్పుడు గాలి బయటికి పోతుంది, నాలుగు కాళ్లూ గాల్లో ఉన్న క్షణాన లోపలికి వస్తుంది. సెకనుకు రెండుకు పైగా అంగలంటే అన్ని ఊపిరులూ తప్పవు. గొంతులో కుడి ఎడమల తలుపుల్లాంటి పొరల్లో ఎడమది సరిగా తెరుచుకోని గుర్రాలుంటాయి. అవి పరుగులో గుర్రుమంటాయి. కాళ్లు ఎంత గట్టివైనా వాటి పని కష్టమే.

సెక్రటేరియట్ గుండె పది కిలోలని చాలామంది రాస్తారు. 1989లో అది చనిపోయాక శవపరీక్ష చేసిన పశువైద్యుడు దాన్ని తూచలేదు, 22 పౌన్లు ఉంటుందని అంచనా వేశాడంతే. మామూలు థరోబ్రెడ్ గుండె నాలుగైదు కిలోలు. కంటి లెక్కను నేను పూర్తిగా నమ్మను. కానీ అదే వైద్యుడు తర్వాత ఒక గుండెను కాటాకెక్కించాడు, 18 పౌన్లు తూగింది. అది షామ్‌ది. ఓడిన గుర్రానిదే ఎనిమిది కిలోలైతే గెలిచినదాని మాట కొట్టిపారేయలేం.

ఇక మీద కూర్చున్న మనిషి. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఇంగ్లండ్ జాకీలు కాళ్లు బారజాపి నిటారుగా కూర్చునేవారు. అమెరికా నుంచి వచ్చిన టాడ్ స్లోన్ వంటివారు రికాబులు పైకి లాగి, జీనుకు ఆనకుండా గుర్రం మెడ మీదికి వంగి స్వారీ చేస్తే మొదట నవ్వారు. కొన్నేళ్లలోనే పందెం సమయాలు 5 నుంచి 7 శాతం మెరుగుపడ్డాయి. కారణాన్ని 2009లో లండన్ పరిశోధకులు కొలిచి చూపారు. అలా వంగిన జాకీ మోకాళ్లతో కుదుపులను మింగేస్తూ దాదాపు ఒకే మట్టంలో సాగిపోతాడు. ప్రతి అంగకూ అతన్ని ఎత్తి కుదేసే శ్రమ గుర్రానికి తప్పుతుంది. ఆ శ్రమ జాకీ తొడల మీద పడుతుంది.

నేల, వాన, మలుపు, నాడా, మోసే బరువు అన్నీ సెకన్లను తింటాయి. కానీ అసలు హద్దు మోకాలి కింద ఉంది. అక్కడ గుర్రానికి కండ దాదాపు లేదు. ఉండేలు రబ్బరులా సాగి వెనక్కి తన్నే టెండన్లు, సన్నని ఎముక, ఒకే ఒక్క గిట్ట. దాదాపు అర టన్ను ఒళ్లు ప్రతి అంగలో కాసేపు ఒంటికాలి మీద ఆనుతుంది. కాలు తేలికగా ఉంటేనే వేగం, తేలికైన కాలే ముందు విరుగుతుంది. పెంపకందార్లు తరతరాలుగా వేగాన్ని ఏరుకుంటూనే ఉన్నా, డెర్బీ వంటి పెద్ద పందేల సమయాలు దశాబ్దాలుగా దాదాపు ఎక్కడివక్కడే ఉన్నాయని మార్క్ డెన్నీ అనే అమెరికా జీవశాస్త్రవేత్త 2008లో లెక్కగట్టి చూపాడు. గుండెను పెంచుకోవచ్చు. దాన్ని మోసే కాలు మాత్రం దొరకడం లేదు.

హైదరాబాద్‌లో ఉన్నవారికి ఇదంతా చూడటానికి మలక్‌పేట చాలు. అక్కడ వానాకాలంలోనూ చలికాలంలోనూ పందేలు జరుగుతాయి. పందెం కాయనక్కర్లేదు. పరుగుకు ముందు గుర్రాలను తిప్పే పాడక్ కంచె దగ్గర నిలబడి ముందుగా మోకాళ్ల కింద చూడండి. పరుగయ్యాక ముక్కుపుటాలు చూడండి.